సూర్యలంక తడి ఇసుకలో ఏ మెటల్ డిటెక్టర్ పనికొచ్చింది?

కిందటి కార్తీకంలో సూర్యలంకలో సముద్ర స్నానం చేస్తుండగా మా అక్క పెళ్లి ఉంగరం జారిపోయింది. మోకాలి లోతు నీళ్లే. అందరం చుట్టూ ఉన్నాం. చీకటి పడేదాకా ఇసుక దేవి, వట్టి చేతులతో గుంటూరు తిరిగొచ్చాం. ఆ బాధలోనే మెటల్ డిటెక్టర్ కొన్నాను, తొందరపడి తప్పుది కొన్నాను. తర్వాత మూడు బీచ్‌లు తిరిగి, మూడు రకాల మెషీన్లు చేత్తో పట్టుకుని చూశాక తెలిసినవి రాస్తున్నాను. ఉప్పునీటి ఒడ్డున వెతకాలనుకునేవాళ్లు డబ్బు పోగొట్టుకోకూడదని.

మొదటి మెషీన్ విజయవాడలో ఒక షాపులో కొన్నాను. బల్ల మీద పేపర్ కింద రూపాయి బిళ్ల పెట్టి చూపించారు, టక్కున మోగింది. "వాటర్‌ప్రూఫ్ అండీ, సముద్రంలో కూడా వాడుకోవచ్చు" అన్నారు. లోపలికి నీళ్లు పోకపోవడం వేరు, ఉప్పునీళ్ల మీద సరిగ్గా పనిచేయడం వేరు. ఆ తేడా షాపులో ఎవరూ చెప్పలేదు, నాకూ అడగాలని తెలియలేదు.

గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడి నుంచి సూర్యలంక మరో తొమ్మిది. ఆ రోజు పొడి ఇసుకలో మెషీన్ బాగానే మోగింది. సోడా మూతలు, ఒక అయిదు రూపాయల బిళ్ల దొరికాయి. అల తడిపిన ఇసుక మీదకు వెళ్లగానే ఆగకుండా గోల మొదలుపెట్టింది. ఉప్పునీరు కరెంటును పారనిస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మెషీన్‌కు తడి ఇసుకంతా ఒక పెద్ద లోహంలా కనిపిస్తుంది. సెన్సిటివిటీ బాగా తగ్గిస్తే గోల ఆగింది కానీ, బెత్తెడు లోతున నేనే పాతిపెట్టిన బిళ్ల కూడా మోగలేదు. ఉంగరం పోయిందేమో సరిగ్గా ఆ తడి ఇసుకలోనే!

తర్వాతి నెల పున్నమికి తెనాలి మిత్రుడు తన మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 తీసుకుని వచ్చాడు. ఇది ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి, ఉప్పు వల్ల వచ్చే సంకేతాన్ని లెక్కగట్టి పక్కన పెడుతుంది. మెషీన్ మొత్తం మూడు మీటర్ల లోతు దాకా నీళ్లలో ముంచవచ్చు. బీచ్ కోసమే రెండు మోడ్‌లున్నాయి, ఒకటి ఇసుక మీదకు, రెండోది అలల్లోకి. అదే తడి ఇసుక మీద ఆన్ చేసి, నాయిస్ క్యాన్సిల్ నొక్కగానే నిశ్శబ్దం అయిపోయింది. నాకు నిజంగా ప్రాణం లేచివచ్చింది. కాయిల్‌ను, అంటే కర్ర చివర ఉండే గుండ్రటి పళ్లెం లాంటి భాగాన్ని, ఇసుకకు రాసుకునేంత దగ్గరగా, నెమ్మదిగా తిప్పుతూ రెండు గంటలు నడిచాం. బిళ్లలు, తాళంచెవి, ఒక వెండి మెట్టె దొరికాయి. మెట్టెను అక్కడి పోలీసులకు అప్పగించాం. సన్న బంగారు ఉంగరం, చాక్లెట్ రేకు మెషీన్ తెర మీద ఇంచుమించు ఒకే నంబరు చూపిస్తాయి. రేకుల గోల వద్దనుకుని ఆ నంబర్లు ఆపేస్తే బంగారం కూడా పోతుంది, అందుకే చిన్న మోత వచ్చినా తవ్వాల్సిందే.

మూడోది వోడరేవులో చూశాను. మా బంధువు ఒకాయన అమెరికా నుంచి తెచ్చుకున్న గారెట్ సీ హంటర్ మార్క్ 2. ఇది పల్స్ రకం. కాయిల్‌లోకి ఒక్క క్షణం కరెంటు దెబ్బ పంపి, ఉప్పు ప్రభావం చల్లారేదాకా ఆగి, అప్పుడు వింటుంది. తడి ఇసుకైనా, నల్ల ఇసుకైనా దీనికి ఒకటే, లోతు కూడా బాగా పట్టింది. కానీ ఇనుమును విడదీయలేదు. వోడరేవు చేపల పడవలు ఆగే ఊరు. మేకులు, తీగ ముక్కలు, గాలాలు అడుగడుగునా ఉన్నాయి, ప్రతిదానికీ మోగింది. గంటలో నడుం పట్టేసింది. జనం స్నానాలు చేసే చోట, ఇనుము తక్కువున్న చోట ఈ రకం మంచిదే. పడవల రేవులో మాత్రం పెట్టుకోకండి.

మంగినపూడి విజయవాడ వాళ్లకు దగ్గర. మచిలీపట్నం డెబ్బై కిలోమీటర్లు, అక్కడి నుంచి పదకొండు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయవచ్చు, బస అక్కర్లేదు. నీళ్లు చాలాదూరం లోతు లేకుండా ఉంటాయి, అది హాయి. అయితే అక్కడ ఉన్నది నల్ల మట్టి. చిల్లుల స్కూప్‌లోంచి ఇసుకలా జారదు, ముద్దగా అంటుకుంటుంది, ప్రతి స్కూపూ నీళ్లలో కడగాలి. ఒక గాజు దొరికింది, పచ్చగా మెరుస్తోంది. పక్కనే చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు మోసిన ఊరు. పైపూత బంగారమా, అసలు బంగారమా అన్నది ఏ డిటెక్టరూ చెప్పదు. కంసాలికి చూపిస్తే పూతే అన్నాడు.

బస విషయానికొస్తే, సూర్యలంకలో టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఇసుక పక్కనే ఉంది. చీకట్లోనే లేచి నడుచుకుంటూ ఒడ్డుకు వెళ్లవచ్చు. రాగానే మంచినీళ్లతో మెషీన్ కడుక్కోవచ్చు, ఉప్పు ఆరిపోతే కనెక్టర్లు పాడవుతాయి. శని, ఆదివారాలు, కార్తీకమాసం వద్దు, గదులూ దొరకవు, ఒడ్డున నిలబడే చోటూ ఉండదు. ఒకసారి డబ్బు మిగులుతుందని బాపట్లలో ఒక లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున నాలుగున్నరకు ఒక్క ఆటో దొరకలేదు. మేం చేరేసరికి పోటు మొదలై మంచి ఇసుకంతా మునిగిపోయింది. నీళ్లు తగ్గే వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. పున్నమి, అమావాస్యల చుట్టూ సముద్రం మరింత వెనక్కి వెళ్తుంది. గది కంటే ముందు ఆ వేళ చూసుకోండి.

ఇంకో మాట. సూర్యలంకలో వాయుసేన స్టేషన్ ఉంది, ఆ వైపు మెషీన్ పట్టుకుని వెళ్లవద్దు. బీచ్‌లోనూ ముందు పోలీసులకు చెప్పి మొదలుపెట్టండి, మాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అమరావతి, ఉండవల్లి లాంటి రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. భూమిలో దాచిన పాత సొమ్ము పది రూపాయలకు మించి విలువ చేస్తే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది.

చివరికి మొదటి మెషీన్ సగం ధరకు అమ్మేసి, మల్టీ ఫ్రీక్వెన్సీదే తీసుకున్నాను. అందులోనూ కాయిల్ ఒక్కటే తడవవచ్చు, పైనుండే కంట్రోల్ డబ్బా తడవకూడదు అనే రకాలున్నాయి. మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ అలాంటిదే. తడి ఇసుకకు చాలు, అలల్లోకి దిగడానికి చాలదు. మాకు మోకాలి లోతులో వెతకాలి కాబట్టి మొత్తం మునిగేదే కావాలి. కొనేముందు ఎవరిదైనా అడిగి ఒక్క పూట తడి ఇసుక మీద తిప్పి చూడండి, షాపు బల్ల మీద రూపాయి బిళ్ల మోగితే సరిపోదు.

అక్క ఉంగరం ఇంకా దొరకలేదు. వచ్చే పున్నమికి సూర్యలంకలో గది చెప్పి ఉంచాం, ఈసారి అక్క కూడా వస్తానంది.