డార్జిలింగ్ జాయ్ రైడ్: నారోగేజ్ నమూనాలు కట్టేవారి కోసం ఒక సమీక్ష

డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి తిరిగి వచ్చే చిన్న రైలు విహారం, జాయ్ రైడ్ గురించి యాత్రికులు రాసినవి కావలసినన్ని ఉన్నాయి. కాంచన్‌జంగ కనబడిందా లేదా, పెట్టిన డబ్బుకు తగిన సంతోషం దక్కిందా లేదా అన్నవే వాటిలో ప్రధానం. ఇంట్లో బల్ల మీద చిన్న పట్టాలు పరచుకుని నారోగేజ్ రైలు నమూనాలు కట్టుకునేవారికి ఈ ప్రయాణం ఏ మేరకు ఉపయోగపడుతుందన్నది వేరే ప్రశ్న, నేను ఇక్కడ దానికే సమాధానం చెబుతాను. ఈ వ్యాపకం ఉన్నవారు జీవితంలో ఒక్కసారైనా చేయవలసిన ప్రయాణమిది. అయితే జాయ్ రైడ్ ఒక్కటే చేసి తిరిగి వచ్చేస్తే ఈ దారి నేర్పగలిగినదాంట్లో సగం కూడా అందదు.

సిలిగురి నుంచి డార్జిలింగ్ దాకా ఈ లైను నిర్మాణం 1879లో మొదలై 1881లో పూర్తయింది. ఆ ఆలోచన ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్‌ది. అప్పటికే ఉన్న హిల్ కార్ట్ రోడ్డు అంచునే రెండడుగుల గేజ్, అంటే మధ్య రెండడుగుల ఎడం ఉండే పట్టాలు వేసుకుంటూ పోవడం వల్ల పెద్ద సొరంగాలు, భారీ వంతెనలు లేకుండానే, సుమారు 120 మీటర్ల ఎత్తున ఉన్న సిలిగురి నుంచి 2,258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ దాకా రైలు ఎక్కగలిగింది. 1999లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాయ్ రైడ్ ఈ దారిలో చివరి ఏడు కిలోమీటర్లకే పరిమితం. డార్జిలింగ్‌లో బయలుదేరి, బతాసియా లూప్ వద్ద కొద్ది నిమిషాలు, ఘూమ్‌లో అంతకన్నా కాస్త ఎక్కువసేపు ఆగి, మొత్తం రెండు గంటల్లో తిరిగి తెచ్చి దింపుతుంది. ఆవిరి ఇంజనుకు ఒక ధర, డీజిలుకు అంతకు తక్కువ ధర ఉంటుంది. నమూనాలు కట్టేవారు ఆ తేడాకు వెనుకాడకుండా ఆవిరి రైలే ఎక్కాలని నా గట్టి సలహా.

ఈ దారి మనకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే వంపుల లెక్క చూడాలి. మన బ్రాడ్‌గేజ్ లైన్లలో అనుమతించే అతి బిగువైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. దాన్ని నమూనాలకు ఎక్కువగా వాడే నిష్పత్తిలో, అంటే 87వ వంతుకు కుదిస్తే రెండు మీటర్లు వస్తుంది. అంటే రైలు ఒక్కసారి వెనుదిరగడానికే నాలుగు మీటర్ల వెడల్పు గది కావాలి. అందుకే దుకాణంలో దొరికే బొమ్మ రైలు సెట్లలో వచ్చే వంపులు 44 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి, వాటిమీద పొడవాటి బోగీలు మూలలు బయటికి పొడుచుకుని వంకరగా తిరుగుతాయి. ఇరవై నాలుగు బోగీల ఎక్స్‌ప్రెస్‌ను అదే నిష్పత్తిలో పూర్తిగా కడితే ఆరు మీటర్లు దాటుతుంది కాబట్టి, ఆరేడు బోగీలతో సరిపెట్టుకుని మిగిలినవి ఉన్నాయని ఊహించుకుంటాం. ఇప్పుడు డార్జిలింగ్ లైను చూడండి. దిగువ దారిలోని తీన్‌ధారియా స్టేషనుకు పైన అగనీ పాయింట్ అనే చోట పట్టాలు తమ చుట్టూ తామే తిరిగి పైకి వెళ్లే మలుపు వ్యాసార్ధం సుమారు 18 మీటర్లు. నారోగేజ్ నమూనాలకు వాడే 76వ వంతు నిష్పత్తిలో అది 23 సెంటీమీటర్ల పైచిలుకు. పీకో సంస్థ 9 మిల్లీమీటర్ల నారోగేజ్ పట్టాల్లో ముందుగానే వంచి అమ్మే ముక్కల వ్యాసార్ధం 9 అంగుళాలు, అంటే 22.8 సెంటీమీటర్లు. బ్రాడ్‌గేజ్ నమూనాలో గత్యంతరం లేక పెట్టుకునే వంపు ఇక్కడ ఉన్నది ఉన్నట్టు పెట్టిన వంపు అవుతుంది. ఇంజనుకు మూడు చిన్న పెట్టెలు తగిలిస్తే అసలు రైలు పూర్తయినట్టే, నమూనాలో అది మూరెడు పొడవులో ఇమిడిపోతుంది. చదరంగం బల్లకు రెండింతలున్న పలక మీద కూడా అబద్ధం లేని రైల్వే కట్టవచ్చునని నన్ను ఒప్పించినది ఈ లెక్కే.

జాయ్ రైడ్‌లో ఆ లెక్కను కళ్లతో సరిచూసుకోవచ్చు. 1919లో వేసిన బతాసియా లూప్‌లో రైలు ఒక చిన్న తోట చుట్టూ తిరిగి, తాను వచ్చిన దారి మీదుగానే దాటుతుంది. మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం ఉంది. అందరూ దిగి కొండల వైపు కెమెరాలు పెడతారు గాని, మీరు మాత్రం పట్టాల వైపు చూడండి. వంపులో బయటి పట్టా ఎంత ఎత్తు పెరిగింది, పై లైను బరువు మోసే కట్టడం ఎలా ఉంది, కంకర ఎక్కడ ఆగి గడ్డి ఎక్కడ మొదలైంది అన్నవే లేఅవుట్, అంటే బల్ల మీది రైల్వే కట్టేటప్పుడు చేతులు వెతికే వివరాలు. లూప్ మీద రైలు ఆగే సమయం ఈ పనికి చాలదు. టికెట్టు కొనుక్కుని బతాసియా తోటలోకి మరోసారి విడిగా వెళ్లి, రైలు వచ్చి తిరిగి వెళ్లేదాకా నిలబడి చూడటం మంచిది.

ఇంజను గురించి ఎంత రాసినా తక్కువే. 1889లో గ్లాస్గోకు చెందిన షార్ప్ స్టీవర్ట్ సంస్థతో మొదలైన బి క్లాస్ ఇంజన్లు 1920ల దాకా మొత్తం 34 తయారయ్యాయి, వాటిలో కొన్ని తీన్‌ధారియా వర్క్‌షాపులోనే పుట్టాయి. నాలుగే చక్రాలు, బాయిలరుకు జీను తొడిగినట్టు నీళ్ల ట్యాంకు, దానికి తోడు చట్రం మధ్య మరో ట్యాంకు. బొగ్గు కూడా క్యాబిన్ వెనుక ఉండదు, ముందువైపు బాయిలరు పైన ఉంటుంది. అక్కడ ఒక మనిషి కూర్చుని పెద్ద బొగ్గు పెళ్లలను సుత్తితో పగలగొట్టి ఫైర్‌మన్‌కు అందేలా లోపలికి తోస్తుంటాడు. పట్టాలు తడిసి చక్రాలు జారే చోట ఇంజను ముందరి అడ్డకమ్మీ మీద కూర్చున్నవారు చేత్తో ఇసుక తీసి పట్టా మీద వదులుతారు. ఇంత చిన్న యంత్రానికి ఇందరు మనుషులు కావలసి రావడం చూశాక, బొమ్మ ఇంజను మీద ఒంటరి డ్రైవరును కూర్చోబెట్టి ఊరుకోవడం నావల్ల కాలేదు. మీరు బి క్లాస్ నమూనా కొన్నా కట్టినా, ముందు కమ్మీ మీద ఇద్దరిని, బొగ్గు మీద ఒకరిని తప్పక కూర్చోబెట్టండి.

రంగు విషయంలోనూ ఈ ఇంజను పాఠం చెబుతుంది. దూరం నుంచి నీలంగా కనబడేది దగ్గరికి వెళ్తే ఒక్క నీలం కాదు. చేతులు తరచుగా పడే పిడుల చుట్టూ రంగు అరిగి లోహం మెరుస్తుంటుంది. నీళ్లు పట్టే మూత కింద తెల్లటి సున్నపు చారలు కిందికి జారి ఉంటాయి. సిలిండర్ల మీద నూనె, మసి కలిసి నల్లటి ముద్దగా పేరుకుంటుంది, అడుగు భాగమంతా దారి దుమ్ము రంగులోకి మారిపోతుంది. ఇవన్నీ తీరిగ్గా చూడటానికి రైలు కన్నా ఇంజన్ షెడ్డు మేలు. డార్జిలింగ్ స్టేషనుకు ఎదురుగా, రోడ్డు పక్కనే అది ఉంది. ఉదయం ఇంజన్లకు నిప్పు రాజేసి సిద్ధం చేసే వేళ రోడ్డు మీద నిలబడినా చాలావరకు కనబడుతుంది.

డార్జిలింగ్ కన్నా ఘూమ్ ఎత్తులో ఉంది కాబట్టి వెళ్లేటప్పుడే ఇంజను అసలు కష్టపడుతుంది. ఆ శబ్దం వినాలంటే ఇంజనుకు దగ్గరి పెట్టెలో సీటు దొరికితే అదృష్టం. ఘూమ్‌లో ఇంజను పెట్టెల్ని వదిలి, పక్క లైను మీదుగా రెండో వైపుకు వచ్చి తగులుకుంటుంది. లేఅవుట్ మీద రైలును గుండ్రంగా తిప్పడం తప్ప ఇంకేమీ చేయలేమని విసుగుచెందినవారు ఈ కొద్ది నిమిషాల పని తప్పక చూడాలి. రెండు పాయింట్లు (రైలు ఒక లైను నుంచి మరో లైనుకు మారే చోట్లు), ఒక పక్క లైను ఉంటే చాలు, సాయంకాలమంతా ఆడుకోదగిన స్టేషను అవుతుంది. స్టేషను భవనంలోని మ్యూజియం చిన్నదే. పాత ఛాయాచిత్రాలు, పరికరాలు, ఆవరణలో బేబీ సివోక్ అనే బుల్లి ఇంజను ఉన్నాయి. జాయ్ రైడ్ యాత్రికులకు ఆ సమయం సరిపోతుంది, మనకు సరిపోదు. పాత చిత్రాల్లో ఇప్పుడు కనబడని స్టేషన్ల రూపురేఖలు ఉంటాయి, వాటి ముందే సమయం గడిచిపోతుంది.

ఇక జాయ్ రైడ్ చూపించనివి. రైలు వెనక్కీ ముందుకీ నడుస్తూ ఎత్తు ఎక్కే జడ్ రివర్సులు ఆరు ఉన్నాయి, ఒక్కటీ ఈ ఏడు కిలోమీటర్లలో లేదు. అగనీ పాయింట్, చున్‌భాటీ లూప్, తీన్‌ధారియా వర్క్‌షాపు అన్నీ దిగువనే ఉన్నాయి. కర్సియాంగ్ బజారులో రైలు దుకాణాల గుమ్మాలను రాసుకుంటూ పోయే తీరు చూస్తేనే, పట్టాలకూ ఇళ్లకూ మధ్య ఖాళీ వదలనవసరం లేదన్న ధైర్యం వస్తుంది. న్యూ జల్పాయ్‌గురి నుంచి డార్జిలింగ్ వెళ్లే రోజువారీ రైలులో ఇవన్నీ కనబడతాయి గాని, 88 కిలోమీటర్లకు దాదాపు పగలంతా పడుతుంది, ఇంజను డీజిలు. ఓపిక లేనివారు రోడ్డు మీద జీపులో వెళ్తూ నచ్చిన చోట ఆగినా ఫలితం దక్కుతుంది, ఎందుకంటే పట్టాలు చాలా దూరం రోడ్డును వదలవు. వానాకాలంలో కొండచరియలు విరిగి దిగువ దారి తరచుగా మూతపడుతుంది కాబట్టి ఆ నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.

చూసివచ్చినదాన్ని బల్ల మీదికి తేవడంలో గేజ్ దగ్గర ఒక రాజీ తప్పదు. రెండడుగులను 76వ వంతుకు కుదిస్తే 8 మిల్లీమీటర్లు, అందరూ వాడే పట్టా 9 మిల్లీమీటర్లు. పక్క నుంచి చూస్తే ఈ తేడా తెలియదు, ఎదురుగా వచ్చే ఇంజనులో మాత్రం కాస్త తెలుస్తుంది. మన బ్రాడ్‌గేజ్‌ను 87వ వంతులో కట్టేవారు 19 మిల్లీమీటర్లు ఉండవలసిన చోట 16.5తో సర్దుకుంటున్నారు కాబట్టి నాకు ఇది పెద్ద లోపంగా తోచదు. రాజీ అసలే వద్దనుకునేవారు 19వ వంతులో 32 మిల్లీమీటర్ల పట్టాకు వెళ్లాలి, అక్కడ లెక్క కచ్చితంగా సరిపోతుంది. కానీ అగనీ పాయింట్ మలుపు వ్యాసార్ధమే గజం దాటుతుంది, అది పెరడు ఉన్నవారి ఆట. కొనేటప్పుడు మరొకటి గమనించాలి. 9 మిల్లీమీటర్ల పట్టా అనగానే ఎన్ గేజ్ పట్టా, అంటే పెద్ద రైళ్లను మరింత చిన్నగా కట్టేందుకు చేసిన పట్టా చేతిలో పెట్టే దుకాణాలు ఉన్నాయి. దాని స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉండి బ్రాడ్‌గేజ్‌ను దూరం నుంచి చూసినట్టుంటుంది. నారోగేజ్ కోసమే చేసిన పట్టాలో స్లీపర్లు లావుగా, ఎడంగా ఉంటాయి. డార్జిలింగ్ దారిని నమ్మించేది ఆ ఎడమే.

మన వైపు నారోగేజ్ కట్టాలనుకునేవారికి ఇదే పట్టా ఇంకా బాగా కుదురుతుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా పొడిగించిన లైటు రైల్వేది రెండున్నర అడుగుల గేజ్, అంటే 762 మిల్లీమీటర్లు. దాన్ని 87వ వంతుకు కుదిస్తే 8.76, ఆ నిష్పత్తిలో 9 మిల్లీమీటర్ల పట్టా దాదాపు సరైనదే. 2004లో ఆగిన ఆ చిన్న రైలు స్థానంలో 2011లో బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది, కాబట్టి నౌపడలో ఇప్పుడు కొలవడానికి చిన్న పట్టాలు లేవు. గేజ్ వేరైనా, స్లీపర్ల ఎడం, నీళ్ల ట్యాంకు నిలబెట్టిన తీరు, అరిగిన రంగు వంటివి డార్జిలింగ్‌లో చూసి రాసుకుని ఆ నమూనాకు వాడుకోవచ్చు.

టికెట్లు ఐఆర్‌సీటీసీలో దొరుకుతాయి. ఆవిరి రైలు సీట్లు సెలవుల రోజుల్లో ముందుగా అయిపోతాయి కాబట్టి ప్రయాణం ఖాయం కాగానే కొనుక్కోవాలి. డార్జిలింగ్‌లో కనీసం రెండు పగళ్లు ఉండండి: ఒక పూట షెడ్డుకు, ఒక పూట జాయ్ రైడ్‌కు, మిగిలినది కర్సియాంగ్ దిగువకు. జేబులో కొలటేపు, చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి, రైళ్లు రాకపోకలు సాగించే చోట పట్టాల మధ్యకు మాత్రం దిగకండి.