మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకు రాత్రి బండి: డ్యూటీ మీద తిరిగేవాళ్ల కోసం ఒక సమీక్ష

మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకు రైలు ప్రయాణం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ప్రశ్న వేస్తాను. చుట్టపుచూపుగా వెళ్తున్నారా, డ్యూటీ మీదా? చుట్టపుచూపు అయితే హాయిగా వెళ్లండి, బాగుంటుంది. డ్యూటీ మీద, అదీ నెలలో రెండు మూడుసార్లు అయితే మాత్రం ఇది పూర్తిగా చదవండి.

నా పని ల్యాబుల్లో రక్త పరీక్షలు చేసే మెషిన్లు రిపేర్ చేయడం. పాలమూరు (మహబూబ్‌నగర్‌ను మా వైపు ఇలాగే అంటాం), వనపర్తి, గద్వాల వైపు నా ఏరియా. కంపెనీ ఆఫీసు, స్పేర్ పార్టులు, ట్రైనింగ్ అన్నీ బెంగళూరు పీణ్యాలో. ఇల్లు, అమ్మానాన్న, భూత్పూర్ దగ్గర కొద్దిగా పొలం ఇక్కడ. ఆదివారం రాత్రి ఎక్కడం, సోమవారం పొద్దున మీటింగులో కూర్చోవడం, మంగళవారమో బుధవారమో రాత్రి మళ్లీ బండెక్కడం. కొన్నేళ్లుగా ఇదే వరస. ఎక్కువగా థర్డ్ ఏసీ, దొరకనినాడు స్లీపర్. ఆ రోజు ఏ బండిలో బెర్త్ దొరికితే ఆ బండి కాబట్టి, ఏ ఒక్కదాని పేరూ రాయడం లేదు.

దూరం పెద్ద బాధేమీ కాదు. ఐదొందల కిలోమీటర్లు, ఒక రాత్రి పడుకుంటే అయిపోతుంది. బాధంతా మనం మధ్య స్టేషన్ వాళ్లం కావడం వల్ల. బండిని హైదరాబాద్ కాచిగూడలో ఎక్కేవాళ్లను, బెంగళూరులో దిగేవాళ్లను చూసుకొని నడుపుతారు. మధ్యలో ఎక్కి మధ్యలో దిగేవాడి తిప్పలు వాడివే.

టికెట్ దగ్గరే మొదలవుతుంది. బండి బయలుదేరే స్టేషన్ నుంచి బుక్ చేస్తే వెయిటింగ్‌లో జీఎన్‌డబ్ల్యూఎల్ అని వస్తుంది. మధ్య స్టేషన్ నుంచి బుక్ చేస్తే చాలాసార్లు పీక్యూడబ్ల్యూఎల్ అనో ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అనో వస్తుంది. అంటే మనది వేరే లైను, చిన్న కోటా. జనరల్ వెయిటింగ్‌లో ముప్పై నంబరు కదిలి కన్ఫర్మ్ కావడం చూశాను, మన కోటాలో ఐదో నంబరు అక్కడే కూర్చుని పొద్దుపోవడమూ చూశాను. అందుకని నేను ఇప్పుడు టికెట్ కాచిగూడ నుంచే తీస్తాను, బోర్డింగ్ స్టేషన్ మాత్రం మహబూబ్‌నగర్ అని పెడతాను. దాదాపు వంద కిలోమీటర్ల చార్జీ ఎక్కువ పడుతుంది కానీ బెర్త్ దొరికే అవకాశం పెరుగుతుంది. బోర్డింగ్ మార్చడం మరిచిపోతే మాత్రం మీరు కాచిగూడలో ఎక్కలేదని బెర్త్ ఇంకొకరికి ఇచ్చేస్తారు, జాగ్రత్త. ఈ అదనపు చార్జీ కంపెనీ ఇవ్వదు. "నువ్వు ఎక్కింది మహబూబ్‌నగర్‌లో కదా" అంటారు అకౌంట్స్ వాళ్లు. లెక్క ప్రకారం కరెక్టే.

ముందుగా బుక్ చేసుకోవచ్చు కదా అంటారు. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు. నాకు అరవయ్యైనా నూట ఇరవయ్యైనా ఒకటే, ఎందుకంటే సోమవారం మీటింగ్ ఉందని మా వాళ్లు గురువారం చెప్తారు. మిగిలేది తత్కాల్, అంటే బండికి ముందు రోజు తెరిచే కోటా. ఏసీకి పది గంటలకు, నాన్ ఏసీకి పదకొండుకు తెరుస్తారు. శనివారం పది గంటలకు నేను ఏదో ఒక ల్యాబులో మెషిన్ విప్పి కూర్చుని ఉంటాను. గ్లవ్స్ తీసి, ఫోన్ పట్టుకొని, ఓటీపీ కోసం చూస్తుంటే వెనక ల్యాబ్ మేడమ్ "అయిపోయిందా అన్నా, పేషెంట్లు ఉన్నరు" అంటుంది. 2025 జులై నుంచి ఆధార్ లింక్ చేసిన అకౌంట్లకే ఆన్‌లైన్ తత్కాల్ అన్నారు. దానివల్ల కొంచెం మేలు జరిగింది, ఇదివరకటిలా మొదటి నిమిషంలోనే అంతా ఖాళీ కావడం తగ్గినట్టు నాకైతే అనిపించింది. థర్డ్ ఏసీకి తత్కాల్ చార్జీ 300 నుంచి 400 రూపాయలు అదనం. కన్ఫర్మ్ అయ్యాక రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. మీటింగ్ శనివారం సాయంత్రం వాయిదా పడితే ఆ డబ్బు ఎవరిదన్నది మా కంపెనీలో ఇప్పటికీ తేలలేదు.

ఎవరికి బెర్త్ వచ్చిందో తేల్చే చార్టు విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. ఇదివరకు బండికి నాలుగు గంటల ముందు వేసేవారు, 2025లో దాన్ని ఇంకా ముందుకు జరిపారు. ఇప్పుడు వెయిటింగ్ టికెట్ ఉన్నవాడికి ఆదివారం మధ్యాహ్నమే సంగతి తెలిసిపోతుంది. అన్నం తింటూ ఐదు నిమిషాలకోసారి ఫోన్ చూసే టెన్షన్ తగ్గింది. మా అమ్మ అయితే చార్టు పడ్డాకనే జొన్నరొట్టెలు మొదలుపెడుతుంది.

ఇక ఎక్కడం. బండి ఆగేది కాసేపే. నా దగ్గర బట్టల బ్యాగు ఒకటి, టూల్ బ్యాగు ఒకటి. టూల్ బ్యాగులో మల్టీమీటర్, స్పానర్లు, బెంగళూరులో అప్పజెప్పాల్సిన పాడైన బోర్డులు ఉంటాయి, బరువు బాగానే ఉంటుంది. కోచ్ ఎక్కడ ఆగుతుందో తెలిస్తే ఫరవాలేదు. ఒక్కోసారి బోగీల వరుస తిరగబడి వస్తుంది, ముందు ఉండాల్సిన ఏసీలు వెనక ఉంటాయి. అప్పుడు ప్లాట్‌ఫాం మీద ఆగమాగం. ముసలివాళ్లు, పిల్లలు, సంచులు, అందరూ ఒకటే దిక్కు ఉరుకుడు. అలాంటప్పుడు దగ్గరున్న ఏసీ డోర్ ఎక్కేసి లోపలి నుంచి నడవడమే మేలు. స్లీపర్ అయితే జనం నడుమ రెండు బ్యాగులతో నడవడం కూడా అయ్యే పని కాదు.

లోపల అసలు కథ వేరే. మనం ఎక్కేసరికి తొమ్మిది దరిదాపు. కాచిగూడలో ఎక్కిన కుటుంబాలు అప్పటికి గంటన్నర, రెండు గంటలు కాపురం చేసి ఉంటాయి. మన లోయర్ బెర్త్ మీద పేపర్ పరిచి పులిహోర, పెరుగన్నం, పక్కన మామిడికాయ తొక్కు. సీట్ల కింద సూట్‌కేసులు ఇంచు సందు లేకుండా. నా టూల్ బ్యాగు పెట్టే చోటు లేక కాళ్ల దగ్గర పెట్టుకొని పడుకుంటాను. చైన్ వేసి తాళం వేద్దామన్నా సీటు కింద ఆ రింగు దాకా చెయ్యి పోదు.

తర్వాత వస్తుంది ఆ మాట. "తమ్మీ, ఒక్కనివే ఉన్నవ్ కదా?" ఇది వినగానే నాకు తర్వాత డైలాగు తెలుసు. "మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, జర పైకి పోతవా?" అత్తమ్మకు నిజంగానే నొప్పులుంటాయి, అందులో అనుమానం లేదు. కాదనలేం కూడా. కానీ ఒక్కడే తిరిగే మగవాడికి లోయర్ బెర్త్ అనేది టికెట్ మీద రాసి ఉంటుంది గానీ, దాని మీద పడుకునే యోగం ఉండదు. ఒకసారి అప్పర్‌కు పోయాను, అరగంటకు ఇంకో కుటుంబం వచ్చి పక్క కోచ్‌లో మిడిల్‌కు పోతారా అని అడిగింది. అప్పుడు మాత్రం "లేదమ్మా, నాకు పొద్దున డ్యూటీ ఉంది" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకు, బ్యాగులు తీసుకొని పోయినా బాగుండేదనిపించింది.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మిడిల్ బెర్త్ వేసుకోవచ్చని రూల్. పదింటికి వేద్దామంటే కింద ఇంకా ముచ్చట్లు నడుస్తుంటాయి. ఫోన్‌లో రీల్స్ సౌండ్ పెట్టి చూసేవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే సమీక్ష అక్కడే అయిపోతుంది, వదిలేస్తున్నాను. ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి.

ఆర్‌ఏసీ (సగం బెర్త్ టికెట్) అయితే సైడ్ లోయర్ మీద ఇద్దరం. ఇద్దరు పరాయి మగాళ్లు మోకాళ్లు మడుచుకొని ఎదురెదురుగా కూర్చుని తెల్లవార్లూ మర్యాద పాటించడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు. దుప్పటి సంగతికి వస్తే, దుప్పట్లు నెలకు కనీసం ఒకసారి ఉతుకుతారని 2024లో రైల్వే మంత్రే పార్లమెంటులో చెప్పారు. అది చదివిన వారమే నేను బజారులో ఒక మందపాటి శాలువా కొన్నాను. తెల్ల బెడ్‌షీట్లు మాత్రం వాడతాను, ప్యాకెట్‌లో ఇస్త్రీ చేసినవి వస్తాయి. నీళ్లు ఇంటి నుంచే. రైల్ నీర్ లీటరు బాటిల్ ధర 2025 సెప్టెంబర్‌లో 15 నుంచి 14 రూపాయలకు తగ్గించారు, ఆ రూపాయి చిల్లర ఇంతవరకు నా చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఆలస్యం గురించి ఒక మాట. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైన్ పూర్తి చేసి 2023 ఏప్రిల్ 8న ప్రారంభించారు. అది సరిగ్గా మా ఊళ్లోనే అయిపోతుంది. ఇక్కడి నుంచి డోన్ వైపు సింగిల్ లైనే. రెండో లైనుకు కేంద్ర క్యాబినెట్ 2023 ఆగస్టులో ఆమోదం ఇచ్చింది, అది పూర్తయ్యేదాకా ఎదురుగా బండి వస్తే ఏదో ఒక చిన్న స్టేషన్‌లో ఆగి దారివ్వాల్సిందే. హైదరాబాద్ వైపు వెళ్లే మిత్రులు "ఇప్పుడు బండ్లు బాగా నడుస్తున్నయి కదా" అంటుంటారు. వాళ్ల వైపు నిజమే.

పోవడంలో ఇన్ని లొల్లులున్నా, తిరుగు ప్రయాణం ముందు అవి ఏపాటివి! బండి మహబూబ్‌నగర్‌కు వచ్చేది తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య. చివరి స్టేషన్ వాడికి భయం లేదు, బండి ఖాళీ అయితే వాడే లేస్తాడు. మనకు అలా కాదు, నిద్రపడితే కళ్లు తెరిచేది షాద్‌నగర్‌లోనో కాచిగూడలోనో. టైముకు అలారం పెడితే బండి లేటయిన రోజు గంట ముందే లేచి కూర్చోవాలి, చుట్టూ అందరూ గురకలు పెడుతుంటే. వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ ఇంటర్నెట్ లేకున్నా సెల్ టవర్లను బట్టి బండి ఎక్కడుందో చూపిస్తుంది, స్టేషన్‌కు అలారం కూడా పెట్టుకోవచ్చు. రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పే యాప్ ఇదొక్కటే. ఫోన్ చార్జింగ్ ఉంటేనే అనుకోండి. బెర్త్ దగ్గరి ప్లగ్గును నమ్ముకోకుండా పవర్ బ్యాంక్ పెట్టుకోవాలి.

స్లీపర్‌లో వచ్చేటప్పుడు నాకు యాప్ కూడా అక్కర్లేదు. కర్నూలు దాటగానే తుంగభద్ర బ్రిడ్జి మోత వస్తుంది, బోగీ కింద నేల పోయినట్టు చప్పుడు మారిపోతుంది. అప్పుడు ఇంకా పడుకోవచ్చు. గద్వాల దాటాక మళ్లీ అదే మోత, ఇంకా ఎక్కువసేపు. అది కృష్ణ. రెండో మోత వినగానే లేచి చెప్పులు వెతుక్కోవాలి, ఇంకో గంటలో మనది. ఏసీలో ఈ చప్పుడు సరిగా వినపడదు. థర్డ్ ఏసీకి ఎక్కువ డబ్బు పెట్టి నేను పోగొట్టుకున్న సౌకర్యం ఇదొక్కటే.

దిగాక ఆటోవాళ్ల రేటు గురించి బేరం ఆడే ఓపిక ఆ టైంలో ఎవరికీ ఉండదు, వాళ్లకూ అది తెలుసు. ఇంటికి పోయి నాలుగున్నరకు నడుం వాల్చి, తొమ్మిదికి వనపర్తి బస్సెక్కాలి. ప్రయాణం చేసిన రాత్రి కంపెనీ లెక్కలో డ్యూటీ కాదు, విశ్రాంతీ కాదు. నా దృష్టిలో బెర్తుల కంటే, దుప్పట్ల కంటే పెద్ద సమస్య ఇది. మనిషి మరుసటి రోజు చేసే పని మీద దీని దెబ్బ పడుతుంది. మెషిన్‌లో లైట్ సెన్సార్ సర్దేటప్పుడు చెయ్యి కొద్దిగా వణికినా ల్యాబ్ రిపోర్టు తేడా వస్తుంది. అందుకే ఇప్పుడు తిరిగి వచ్చిన రోజు నేను క్యాలిబ్రేషన్ పని పెట్టుకోను, క్లీనింగ్, కేబుళ్లు చూసుకోవడం వంటివే ఒప్పుకుంటాను.

మరి బస్సులో పోవచ్చు కదా? జాతీయ రహదారి 44 జడ్చర్ల, భూత్పూర్ మీదుగా పోతుంది గానీ పాలమూరు టౌన్‌లోకి రాదు. హైదరాబాద్ నుంచి వచ్చే బెంగళూరు బస్సు కోసం రాత్రిపూట జడ్చర్ల దాకా పోయి రోడ్డు పక్కన నిలబడాలి. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. 2013 అక్టోబర్ 30న కొత్తకోట దగ్గర పాలెంలో బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో బస్సు తగలబడి 45 మంది పోయారు. మా వైపు వాళ్లెవరూ అది మరవలేదు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర మళ్లీ అలాంటిదే జరిగాక ఇంట్లో బస్సు మాటే ఎత్తడం మానేశాను.

వందే భారత్ సంగతి అందరూ అడుగుతారు. కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ 2023 సెప్టెంబర్ 24న మొదలైంది, మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది. పొద్దున ఐదున్నర ప్రాంతంలో కాచిగూడలో బయలుదేరి మధ్యాహ్నం రెండు ప్రాంతంలో బెంగళూరు యశ్వంతపూర్ చేరుతుంది. సోమవారం పొద్దున మీటింగ్ ఉన్నవాడికి పోవడానికి పనికిరాదు. రావడానికి మాత్రం దీనికి మించింది లేదు. మధ్యాహ్నం మూడు లోపే యశ్వంతపూర్‌లో ఎక్కితే రాత్రి పడుకునే వేళకు మనింట్లో ఉంటాం. పీణ్యా నుంచి స్టేషన్ దగ్గరే. కృష్ణ దాటేటప్పటికి మెలకువగానే ఉంటాం, లోయర్ బెర్త్ అడిగేవాళ్లు ఉండరు.

తిరుగు ప్రయాణానికి అదే ఇవ్వమని ఆఫీసులో అడిగాను. నా గ్రేడుకు ట్రావెల్ పాలసీలో థర్డ్ ఏసీ అని ఉంది, చైర్ కార్ అనే మాట లేదట. మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను. ఈ లోపు వచ్చే ఆదివారానికి కాచిగూడ నుంచి టికెట్ తీశాను, వెయిటింగ్ పదకొండు.