గ్రామసభలో అడగాలా, మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరం రాసివ్వాలా?

తిరుపతి చుట్టూ రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు పొలాలన్నీ లేఅవుట్లుగా మారిపోతుంటే మన మాట చెప్పుకోవడానికి రెండు దారులున్నాయి. గ్రామసభ సులువు. ఊళ్లో ఓటరైన ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, చెరువు కాలువ పూడ్చేస్తున్నారని నలుగురి ముందు నిలదీయొచ్చు, తీర్మానం రాయించొచ్చు. కానీ ఏ పొలం నివాస జోన్, ఏది వ్యవసాయ జోన్, కొత్త రోడ్డు ఎవరి స్థలం మీదుగా పోతుంది అనేది తేల్చేది తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్, పంచాయతీ కాదు. పైగా 2007లో కార్పొరేషన్ అయిన తిరుపతి నగరంలో గ్రామసభే ఉండదు.

అందుకే నా ఓటు రాతపూర్వక అభ్యంతరానికే. ముసాయిదా బయటికి రాగానే మ్యాపులో మన సర్వే నంబరు వెతికి, అక్కడ ఏం చూపించారు, నేల మీద నిజంగా ఏముంది, ఏం మార్చాలి అని రాసి, అడంగల్ (పొలం, పంట వివరాలుండే రెవెన్యూ రికార్డు) కాపీ, ఫొటోలు జత చేసి గడువులోపు ఇచ్చేయండి, రసీదు మాత్రం వదలొద్దు, రేపు కోర్టుకెళ్లినా చేతిలో ఉండే ఆధారం అదే. మ్యాపు చదవడం కష్టమే, పెద్దవాళ్లకైతే మరీ టెన్షన్, ఊళ్లో చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని చూపించాలి. గ్రామసభ తీర్మానం ఉంటే దాన్నీ ఆ అర్జీకే జత చేయండి.