మింట్‌లో పిక్స్ ఎందుకు? మా ఇంటి అనుభవం

విండోస్ బదులు కంప్యూటర్‌లో వేసుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్. దాని మీద తరచూ వినపడే సణుగుడు ఒకటుంది. ఫొటోలు చూడటానికి ఎక్స్‌వ్యూయర్ ఉండగా, ఫొటోలు చూసి సర్దుకుని దిద్దుకునే పిక్స్ కూడా ఎందుకు, దండగ కదా అని. 2016లో 18వ వెర్షన్‌తో రెండూ కలిసే వచ్చాయి. నాకైతే ఆ రెండోది ఉండబట్టే ఒక రాత్రి గట్టెక్కింది.

మా అక్క కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాడు. గడువు ఆ రాత్రి పన్నెండింటిదాకే. ఫొటో 50 కేబీ దాటకూడదు, సంతకం 20 కేబీ లోపుండాలి. ఫోన్‌లో తీసినవేమో ఎంబీల్లో ఉన్నాయి. డబుల్ క్లిక్ చేస్తే ఎక్స్‌వ్యూయర్ తెరుచుకుంది. అది చూపిస్తుంది, తిప్పుతుంది, అంతే. "మావయ్యా, ఇందులో క్రాపే లేదు. నెట్‌లో ఏదో సైట్‌లో చేసేస్తా" అన్నాడు. సంతకాన్ని ముక్కూమొహం తెలియని సైటు చేతిలో పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. రైట్ క్లిక్ చేసి పిక్స్‌లో తెరిపించాను. భుజాల దాకా కత్తిరించి, కొలత తగ్గించి, జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ కాస్త దించాడు. ప్రాపర్టీస్‌లో చూస్తే 43 కేబీ! సంతకం తీసిన కాగితం నీడ పడి బూడిదరంగులో ఉంటే, బ్రైట్‌నెస్ పెంచేసరికి తెల్లబడింది. దాంతో టెన్షన్ తీరింది.

దండగ అన్న మాటకొస్తే, మింట్‌కు ఆధారమైన ఉబుంటూ అనే సిస్టమ్ 2010లో 10.04 వెర్షన్ నుంచి జింప్‌ను, అంటే ఫొటోషాప్ లాంటి పెద్ద ఎడిటర్‌ను తీసేసింది. అప్పట్లో సిస్టమంతా 700 ఎంబీ సీడీలో ఇమడాలి కాబట్టి ప్రతి ప్రోగ్రాముకీ చోటు లెక్క చూసుకునేవారు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో చోటుకేం కొదవ? చూడాల్సింది ఎక్స్‌వ్యూయర్, పిక్స్ రెండూ ఒకే పని చేస్తున్నాయా అన్నదే. మింట్ కూడా 2019 డిసెంబర్‌లో, 19.3తో జింప్ బదులు డ్రాయింగ్ అనే చిన్న బొమ్మల ఎడిటర్ పెట్టింది. ఇంటి అవసరాలకు అది చాలనే అనిపించింది.

అయితే పిక్స్‌ను రోజూ వాడతానా అంటే, లేదు. వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరిస్తే నా పాత హార్డ్ డిస్క్ మీద థంబ్‌నెయిళ్లు నిండేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. ఊరికే చూడటానికి నాకు ఎక్స్‌వ్యూయరే. ఇంట్లో దరఖాస్తులు పెట్టే పిల్లలుంటే రెండూ ఉంచుకోండి. ఫొటోల పనంతా ఫోన్‌లోనే కానిచ్చేవాళ్లు పిక్స్ తీసేసినా తేడా తెలియదు, కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో మళ్లీ దొరుకుతుంది. ఇక జింప్ అంటారా, వినాయక చవితి ఫ్లెక్సీ మా వీధి కుర్రాళ్లు నాతోనే చేయిస్తారు. డ్రాయింగ్‌లో లేయర్లు, అంటే బొమ్మను పొరలు పొరలుగా పేర్చే వీలు, లేవు. అందుకని జింప్‌ను మళ్లీ ఎక్కించుకున్నాను.