పాత యూనిఫాంలు రీసైక్లింగ్‌కి ఇవ్వడం: నాలుగేళ్లు వాడాక నా మాట

నేను హైదరాబాద్‌లో జీడిమెట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకుంటాను. 400 మంది దాకా ఉంటాం, మనిషికి ఏడాదికి రెండు జతలు, కొత్తది కావాలంటే పాతది వెనక్కివ్వాలి అని రూలు, అంటే ఏడాది తిరిగేసరికి నా స్టోర్‌లో 800 జతల పాత గుడ్డ. జత ముప్పావు కిలో వేసుకున్నా 600 కిలోలు. ఇది ఎక్కడ పెట్టాలో ఎవడూ చెప్పడు గానీ ఆడిట్ వచ్చినప్పుడు మాత్రం ఈ మూటలేంటి అని అందరూ అడుగుతారు.

ముందు అందరిలాగే కిలో లెక్కన పాతబట్టల వాళ్ళకి వేసేసేవాళ్ళం, ఏదో టీ ఖర్చులకి వచ్చేది. 2021లో మా సూపర్‌వైజర్ ఒకాయన పాత డ్రిల్ మెషిన్ కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతకి వెళ్తే అక్కడ టార్పాలిన్ మీద మా కంపెనీ చొక్కాలు, లోగోతో సహా, కుప్పగా పోసి అమ్ముతున్నారంట. ఫోటో తీసి ఆఫీస్ గ్రూప్‌లో పెట్టాడు, మేమంతా నవ్వుకున్నాం, హెచ్‌ఆర్ మేడం నవ్వలేదు. ఆవిడ కరెక్టే. షిఫ్ట్ మారే పది నిమిషాల్లో గేటు దగ్గర వంద మందికి పైగా లోపలికొస్తారు, సెక్యూరిటీ ఆయన అంతమంది మొహాలు చూడడు, చొక్కా రంగు చూస్తాడు. మనమూ అంతే కదా, గ్యాస్ డ్రెస్సో కేబుల్ డ్రెస్సో వేసుకొచ్చినోడు బెల్ కొడితే కార్డు చూపించు అని అడిగేవాళ్ళు ఎంతమంది.

అప్పుడు ఈ యూనిఫాం రీసైక్లింగ్ సర్వీస్ మాట్లాడుకున్నాం. పేరు రాయట్లేదు, ఎందుకో కింద చెప్తా. పద్ధతి ఇది: 200 కిలోలు జమ అయ్యాక ఫోన్ చేస్తే బండి పంపిస్తారు, నంబర్ సీలున్న సంచుల్లో కట్టి తూకం వేసి తీసుకెళ్తారు, వాళ్ళ గోడౌన్‌లో లోగో ముక్కలు ముక్కలు చేసి, బటన్లు జిప్పులు తీసేసి, మెషిన్‌లో చింపి, తర్వాత సర్టిఫికేట్ పంపిస్తారు. ఇదివరకు మనకి డబ్బులొచ్చేవి, ఇప్పుడు మనమే కిలోకి ఇంత అని కట్టాలి. దీని మీద అకౌంట్స్ వాళ్ళతో పడ్డ గొడవ రాస్తే అదే ఒక పెద్ద పోస్ట్ అవుతుంది.

మొదటి ఏడాది బ్రహ్మాండం. రెండో ఏడాది ఏదో పనిమీద అటు వెళ్తూ చెప్పకుండా వాళ్ళ గోడౌన్‌కి వెళ్ళా. మూలన మా సంచులు, మా సీల్ నంబర్లతో, కట్టిన ముడి కట్టినట్టే ఉన్నాయి. వాటిని ధ్వంసం చేశాం అన్న సర్టిఫికేట్ అప్పటికి వారం కిందే మా ఫైల్లో చేరింది! అక్కడి మేనేజర్ ఏమాత్రం తడబడకుండా "బ్యాచ్ లేటైంది సార్, ఎలాగూ చేసేదే కదా అని పేపర్ ముందు పంపాం" అన్నాడు. మోసం అనను, నా ముందే ఆ సంచులు విప్పి మెషిన్‌లో వేయించాడు. కానీ ఆ రోజు నుంచి ఆ కాగితాన్ని ఆడిట్ కోసం దాస్తాను తప్ప నమ్మను. వాళ్ళ పేరు రాయకపోవడం ఇందుకే.

అందుకే ఇప్పుడు గేటు దాటకముందే మా దగ్గరే కోస్తాం. హౌస్‌కీపింగ్ అక్కలు ఇద్దరు, పెద్ద టైలర్ కత్తెరలు, జేబు మీద లోగో ఒక కోత, వీపు మీద ప్రింట్ అడ్డంగా ఒక కోత, కాలర్ దగ్గర ఒకటి. గంటకి వంద దాకా అవుతాయి. రిఫ్లెక్టివ్ టేపు కూడా అప్పుడే పీకేస్తాం. జేబులు వెతకడం మాత్రం మర్చిపోవద్దు, మాకు రెండు గేట్ పాస్‌లు, ఒక లాకర్ తాళం, ఒకాయన ఆధార్ జిరాక్స్ దొరికాయి.

ఇక ఆ గుడ్డ ఏమవుతుంది అంటే, చొక్కా మళ్ళీ చొక్కా అవుతుందనుకుంటే మర్చిపోండి. మాది 67 శాతం పాలిస్టర్, 33 శాతం కాటన్, ఈ రెండూ కలిసి నేసిన గుడ్డని మళ్ళీ దేనికది విడదీయడం అంత తేలిక కాదు. చింపితే వచ్చే పీచు మా వెండర్ దగ్గర్నుంచి కొంత పరుపుల ఫిల్లింగ్‌కి, ఫెల్ట్‌కి (పీచుని ఒత్తి చేసే మందపాటి గుడ్డ) పోతుంది, కొంత హర్యానాలోని పానిపట్ పోతుంది. అక్కడ పాతబట్టల పీచుతో లావు నూలు వడికి దుప్పట్లు నేస్తారు, మళ్ళీ అద్దకం ఖర్చు లేకుండా రంగుల వారీగా ఏరి పెట్టుకుంటారు కాబట్టి మన నేవీ బ్లూ నేవీ బ్లూగానే ఇస్తే విలువ. మేం ఇప్పుడు రంగు రంగుకీ వేరే సంచి కడుతున్నాం, మేం కట్టే రేటు కొంచెం తగ్గించారు. ల్యాబ్ వాళ్ళ తెల్ల కోట్లు పక్కా కాటన్, అవి మెషిన్లు తుడిచే గుడ్డలవుతాయి, పాలిస్టర్ చొక్కాతో ఆయిల్ తుడవండి తెలుస్తుంది, కాటన్‌లా పీల్చదు, పూస్తుంది. ఆయిల్ అంటిన గుడ్డలు మాత్రం ఈ సంచుల్లో వెయ్యకండి, అవి కేంద్రం 2016 రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకొస్తాయి, వాటి దారి వేరు. కార్బన్ దారం ఉండే యాంటీ స్టాటిక్ డ్రెస్సులు (ఒంటి మీద స్టాటిక్ కరెంటు నిలవనివ్వనివి) వాళ్ళు ససేమిరా తీసుకోరు, మా దగ్గర రెండు మూటలు ఇంకా అలాగే ఉన్నాయి, ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

వానాకాలంలో జాగ్రత్త. ఒకసారి జులైలో ఉతక్కుండా కట్టేసిన సంచులు ఆగస్టుకి బూజు పట్టి, వాసనకి స్టోర్‌లో నిలబడలేకపోయాం, 90 కిలోలు వెనక్కి పంపారు. తూకం కూడా తడి ఉంటే అక్కడికెళ్ళేసరికి తేడా వస్తుంది, అందుకే నేను కిలోలతో పాటు చొక్కాల లెక్క కూడా రాయిస్తా.

ప్యాంట్ల మీద లోగో ఉండదు కాబట్టి రెండేళ్లుగా కావాలంటే ఇంటికి తీసుకెళ్ళమంటున్నాం. సగానికి పైగా అలాగే పోతున్నాయి, పొలం పనికి వేసుకుంటాం సార్ అంటారు. మా అమ్మ పాత బట్టలిచ్చి స్టీలు గిన్నె బేరమాడిన రోజులు గుర్తొస్తాయి, ఆ గిన్నెలామె కూడా చిరిగినవి ఏరి పక్కన పడేసేది.

పికప్‌కి నాలుగు స్టార్లు, గుడ్డని నిజంగా వాడుకోవడంలో నాలుగు, కాగితానికి రెండు. వెండర్‌ని మార్చలేదు, చెప్పకుండా వెళ్ళి చూసినప్పుడల్లా ఇప్పటిదాకా పని నడుస్తూనే కనిపించింది. కొత్త ఆర్డర్‌కి లోగో కుట్టకుండా ఊడదీసే ప్యాచ్ పెట్టమని టైలరింగ్ వాళ్ళని అడిగాం, జతకి ఇంకొంచెం ఎక్కువవుతుందంట, ఫైలు అకౌంట్స్ దగ్గర ఉంది. అది తేలేదాకా ఈ నెల లాట్ కోయాలి, కత్తెరలు మొద్దుబారాయి, సాన పట్టించాలి.