ఉగ్గాని హోటల్లో సౌండ్‌బాక్స్ పనితీరు

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో మా చిన్నాయన నడిపే టిఫిన్ హోటల్లో, వచ్చిన చెల్లింపులను బిగ్గరగా చెప్పే సౌండ్‌బాక్స్ పెట్టి ఏడాది దాటింది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీల కోసం జనం మూగే చోట దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, తీసుకోవాలనుకునే చిన్న వ్యాపారుల కోసం రాస్తున్నాను.

2016లో యూపీఐ వచ్చిన తరువాత చాలాకాలం, డబ్బు పంపామనడానికి గిరాకీ చూపించే ఫోన్ తెరే రుజువుగా ఉండేది. పాత స్క్రీన్‌షాట్ చూపి వెళ్ళిపోయేవారిని, అసలు యాప్‌ను పోలిన నకిలీ యాప్‌లో పచ్చ టిక్కు చూపేవారిని కాగే నూనె ముందు నిలబడ్డ మనిషి కనిపెట్టలేడు. ఈ పెట్టె వచ్చాక రుజువు గల్లాపెట్టె పక్కకు చేరింది. ఎవరైనా ఫోన్ ఎత్తి చూపబోతే చిన్నాయన చూడనే చూడరు. చిల్లుల గరిటెతో బజ్జీలు తీస్తూనే పెట్టె వైపు చెవి వంచి, "దాన్ని చెప్పనీ నాయనా" అంటారు. ఇంగ్లీషు చదవడం రాని ఆయనకు వచ్చిన సొమ్ము ఎంతో తెలుగులో వినబడటమే పెద్ద ధైర్యం. బస్సుల హారన్ల మధ్య కూడా గొంతు స్పష్టంగానే ఉంది.

అయితే పెట్టె పలకనంత మాత్రాన డబ్బు రాలేదని అనుకోకూడదు. గిరాకీ పిన్ కొట్టగానే సొమ్ము ఆయన బ్యాంకు నుంచి మన బ్యాంకుకు చేరుతుంది. ఆ కబురు యాప్ సంస్థ సర్వర్ నుంచి పెట్టెలోని సిమ్‌కు విడిగా అందితేనే అది నోరు విప్పుతుంది. సిగ్నల్ లేని పూట సొమ్ము ఖాతాలో పడినా పెట్టె మూగదే. ఆ కాసేపట్లో, రోజూ వచ్చే మనిషిని కూడా దొంగను చూసినట్లు చూడటం నాకు నచ్చని విషయం. కొనుగోలుదారు ఖాతాలో తగ్గి, వ్యాపారికి అందినట్లు ఖరారు కాని సొమ్మును ఐదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది. ఈ సంగతి ఇద్దరికీ తెలిస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది.

మాలాంటి హోటల్‌కు అసలు చిక్కు వేరే ఉంది. పెట్టె సొమ్ము ఎంతో చెబుతుందే గాని పంపినవారి పేరు చెప్పదు. ఇద్దరు ఒకేసారి నలభై రూపాయలు కొట్టి, పెట్టె ఒక్కసారే పలికితే, చెల్లించింది ఎవరో తేల్చడానికి మళ్ళీ ఫోన్ తెరిచి చూడవలసిందే. రకరకాల ధరలుండే కిరాణా కొట్లలో ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు.

నెలకు వంద రూపాయల పైచిలుకు అద్దె ఖాతాలోనుంచి దానంతటదే కోతపడుతుంది, హోటల్ మూసిన నెలలోనూ ఆగదు. తీసుకునేటప్పుడు ఏజెంటు ఈ ముక్క చెప్పలేదు. గిరాకీ బాగా ఉండే కొట్లకు ఈ ఖర్చు దండగ కాదు. రోజుకు పది చెల్లింపులు కూడా రాని చోట మాత్రం ఫోన్‌కు వచ్చే బ్యాంకు మెసేజ్ చాలు. తీసుకున్నవారు రాత్రి గల్లా కట్టేముందు యాప్‌లోని ఆ రోజు మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో పడినదానితో సరిచూసుకోవాలి, పెట్టెను తిరిగి ఇచ్చేసేటప్పుడు రసీదు తప్పక తీసుకోవాలి.