అట్లాంటిస్ ఆఖరి ప్రయాణం: మేం నిలబడ్డ గట్లు, పడుకున్న గదులు

మా మామయ్యగారు రాకెట్ లేవగానే చప్పట్లు కొట్టరు. సూళ్ళూరుపేట స్టేషన్‌లో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. శ్రీహరికోటలో ఏది లేచినా మేడ ఎక్కి చూస్తారు. 2010 డిసెంబర్ 25న జీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచి నిమిషం అటూ ఇటూగా బంగాళాఖాతం మీద ముక్కలైపోవడం ఆయన కళ్ళారా చూశారు. చుట్టుపక్కల మేడల మీద పిల్లలు అప్పటికింకా చప్పట్లు కొడుతూనే ఉన్నారట. "బూస్టర్లు ఊడేదాకా నోరు మెదపకూడదమ్మా" అనేది అప్పట్నుంచి ఆయన పద్ధతి. బూస్టర్లంటే మొదట్లో పైకి తోసి, పని అయ్యాక ఊడిపోయే పక్క రాకెట్లు.

2011 మార్చి చివర్లో ఆయన ఫ్లోరిడాకి, జాక్సన్‌విల్‌లోని మా ఇంటికి వచ్చారు. ఆడపడుచు పురుడు ఉండటంతో అత్తయ్యగారు రాలేకపోయారు. రాకెట్‌లా లేచి విమానంలా దిగే నాసావాళ్ళ వ్యోమనౌక స్పేస్ షటిల్, అప్పటికి 30 ఏళ్ళుగా ఎగురుతున్నది, ఆ ఏడాదితో ఆగిపోతోంది. వాటిలో డిస్కవరీ అనే షటిల్ ఫిబ్రవరి 24న ఆఖరిసారి లేచి, మార్చి 9న దిగేసింది. ఇక మిగిలిన ప్రయాణాలు ఎండీవర్‌ది ఒకటి, అట్లాంటిస్‌ది ఒకటి. మా ఇంటి నుంచి ఐ-95 హైవే ఎక్కితే షటిల్ లేచే కేప్ కెనవెరల్ రెండున్నర గంటల దారి. మామయ్యగారు విమానం దిగి కారెక్కగానే అడిగింది మనవడి చదువు గురించి కాదు, ఎండీవర్ తేదీ గురించి.

ఏప్రిల్ 29న ఎండీవర్ లేవాలి, మధ్యాహ్నం 3:47కి. పిల్లాడికి సముద్రం కలిసొస్తుందని కోకో బీచ్‌లో హోటల్ తీసుకున్నాం. గది బాగుంది, బాల్కనీలోంచి అలలు కనిపిస్తాయి, తెల్లటి ఇసుక. కానీ లాంచ్ కోసం వెళ్ళేవాళ్ళకి ఆ చోటు నేను చెప్పను. అక్కడి నుంచి షటిల్ లేచే ప్యాడ్ కనిపించదు. షటిల్ లేచి కొంత ఎత్తుకి వచ్చాకే కంటికి ఆనుతుంది. మంట అంటుకున్న ఆ మొదటి క్షణమే కదా చూడాల్సింది! మేం అది తెలుసుకుని పొద్దున్నే, ప్యాడ్‌కి ఎదురుగా నదికి ఇవతల ఉన్న టైటస్‌విల్ ఊరి వైపు బయల్దేరాం. దారి మధ్యలో ఉండగానే, మధ్యాహ్నం పన్నెండు దాటాక, ప్రయోగం ఆపేశారని రేడియోలో చెప్పారు. షటిల్ హైడ్రాలిక్స్‌కి పవర్ ఇచ్చే ఒక యూనిట్‌లో హీటర్లు పనిచెయ్యలేదు. ఆ లాంచ్ చూడ్డానికని ఒబామా కుటుంబంతో సహా వస్తున్నారు. అయినా ఆపేశారు. మామయ్యగారికి అది బాగా నచ్చింది. "ఎవరొస్తున్నారని చూళ్ళేదు, అదీ పద్ధతి" అన్నారు.

హోటల్‌వాళ్ళు మాత్రం మిగిలిన రెండు రాత్రుల డబ్బు తిరిగి ఇవ్వలేదు. అందుకని ఎవరు వెళ్ళినా ఇది గుర్తుపెట్టుకోండి. రాకెట్ వాయిదా పడితే గది తేదీ మార్చుకోనిస్తారా లేదా అన్నది బుక్ చేసేటప్పుడే అడగాలి. అద్దె ఎంత అన్నది ఆ తర్వాతి సంగతి.

ఖాళీగా మిగిలిన మర్నాడు కెన్నెడీ స్పేస్ సెంటర్ విజిటర్ కాంప్లెక్స్‌కి వెళ్ళాం. ఒక రోజంతా పెట్టుకోవాల్సిన చోటు అది. చంద్రుడి మీదకి మనుషుల్ని పంపిన సాటర్న్-5 రాకెట్‌ని బస్సులో తీసుకెళ్ళి చూపించే హాలు ఒక్కదానికే రెండు గంటలు పడుతుంది. పడుకోబెట్టిన ఆ రాకెట్ కింద ఈ చివర నుంచి ఆ చివరకి నడవడానికే పిల్లాడు అలిసిపోయాడు. దారిలో బస్సు కిటికీలోంచి వీఏబీ కనిపిస్తుంది, షటిల్‌ని నిలువుగా నిలబెట్టి ట్యాంకుకి, బూస్టర్లకి బిగించే భవనం. 525 అడుగుల ఎత్తు. చుట్టూ పోల్చుకోవడానికి ఇంకేమీ లేకపోవడంతో దూరం నుంచి మామూలు గోడౌన్‌లా ఉంటుంది. దగ్గరికి వెళ్తున్నకొద్దీ దాని ముందు ఆగిన కార్లు అగ్గిపెట్టెలైపోతాయి.

నేను ఎక్కువసేపు నిలబడింది వ్యోమగాముల స్మారకం దగ్గర. అద్దంలా మెరిసే పెద్ద నల్ల గ్రానైట్ గోడ. పేర్లు రాయిలో తొలిచి, వెనక నుంచి వెలుతురు పడేలా చేశారు. దాంతో అక్షరాలు ఆకాశంలో రాసినట్టు కనిపిస్తాయి. 1986లో చాలెంజర్ 73 సెకన్లకే పేలిపోయినప్పుడు పోయిన ఏడుగురు, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగొస్తూ విరిగిపోయినప్పుడు పోయిన ఏడుగురు అందరూ ఉన్నారు. కల్పనా చావ్లా పేరు కోసం వెతకక్కర్లేకపోయింది. మామయ్యగారు అప్పటికే దాని ఎదురుగా నిలబడి చెప్పులు విప్పుతున్నారు.

మే 16న ఎండీవర్ లేచింది. ఆ రోజు సోమవారం, మా ఆయనకి సెలవు లేదు. నేను, మామయ్యగారు అర్ధరాత్రి బయల్దేరి, టైటస్‌విల్‌లో ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కారులోనే కునుకు తీశాం. పొద్దున 8:56కి లేవడం, 20 సెకన్లకల్లా మబ్బులోకి దూరిపోవడం. అంతే. ఆయన ఏమీ అనలేదు గానీ, కారెక్కాక "జులైలో ఇంకొకటి ఉందిగా అమ్మాయ్" అన్నారు.

జులైకి మాత్రం తప్పులు చెయ్యదల్చుకోలేదు. నాసా కాజ్‌వే మీద నిలబడే టికెట్లకి లాటరీ పెట్టారు. ప్యాడ్‌కి ఆరు మైళ్ళలో ఉండే చోటది. వేశాం, తగల్లేదు. టైటస్‌విల్‌లోనే యూఎస్-1 రోడ్డు మీద ఒక పాత మోటెల్‌లో మూడు రాత్రులకి తీసుకున్నాం. మామూలు రోజుల్లో 60 డాలర్లు ఉండే గది రాత్రికి 220. ఏసీ లారీలా మోగేది, కార్పెట్ తడి వాసన. అయినా చెప్తున్నాను, కోకో బీచ్ బాల్కనీ కన్నా ఈ గదే నయం. నది గట్టు నడిచివెళ్ళేంత దూరం. ఆ ఊళ్ళో ఆ రోజున కారు తియ్యకుండా ఉండగలగడమే అసలైన సౌకర్యం. గదిలో చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. రైస్ కుక్కర్ వెంట తెచ్చుకున్నాం. పులిహోర, పెరుగన్నం, మాగాయతో మూడు రోజులూ గడిచిపోయాయి.

7వ తేదీన ఒకటే వాన. ప్యాడ్‌కి దగ్గర్లో పిడుగు పడిందని టీవీలో చెప్పారు. మర్నాడు లాంచ్ జరిగే అవకాశం 30 శాతమే అన్నారు. రాత్రి ఎవరికీ నిద్ర లేదు, టెన్షన్. తెల్లవారుజామున నాలుగింటికి మడత కుర్చీలు పట్టుకుని స్పేస్ వ్యూ పార్కుకి నడిచాం.

ఈ పార్కు గురించి చెప్పాలి. చిన్నదే, నగరం మధ్యలో నది గట్టున ఉంటుంది. అమెరికా తొలి మానవ అంతరిక్ష యాత్రలు మెర్క్యురీ, జెమినీ, అపోలోల స్మారకాలున్నాయి. తొలి వ్యోమగాముల చేతి ముద్రలు కంచులో పోత పోసి పెట్టారు, మన చెయ్యి ఆనించి చూసుకోవచ్చు. ప్రవేశం ఉచితం. నది పేరు ఇండియన్ రివర్ గానీ నిజానికి అది ఉప్పునీటి కయ్య. అవతల ప్యాడ్లు, ఇవతల ఊరు, మధ్యలో నీళ్ళ మీద కొంగలు. "అచ్చం మన పులికాట్ లాగే ఉంది" అన్నారు మామయ్యగారు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మధ్యలోంచి వెళ్ళే రోడ్డు తెలిసినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది. పక్కనే కొత్తగా కట్టిన బ్రూయర్ వంతెన ఎత్తుగా ఉంటుంది, పిల్లలు లేనివాళ్ళకి అదీ మంచిదే. మాకు మాత్రం నీడ కావాలి, బాత్‌రూమ్ కావాలి. దోమలకి మందు, గొడుగు, నీళ్ళు తప్పనిసరి.

మా పక్కన కుర్చీలు వేసుకున్న జంటది ఆ ఊరే. ఆయన షటిల్ టైల్స్ పనిలో ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు గాలి రాపిడికి కాలిపోకుండా షటిల్‌కి అంటించే పలకలు 24 వేలకి పైనే ఉంటాయి. దాదాపు ఏ రెండూ ఒకలా ఉండవు, ప్రతిదానికీ నంబరు ఉంటుంది. ఒక్కోటి ఎంత ఉంటుందో అరచేతులు దగ్గరగా పెట్టి చూపించాడు. పుట్టిన పిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలట, గట్టిగా నొక్కితే వేలి గుంట పడుతుంది. అట్లాంటిస్ దిగిన వారంలోనే తన ఉద్యోగం పోతుందని మామూలుగా చెప్పాడు. ఆ ఊళ్ళో అలాంటివాళ్ళు వేలమంది. మామయ్యగారు నన్ను అడిగి మరీ డబ్బాలోంచి రెండు సున్నుండలు తీసి ఆయనకిచ్చారు.

11 గంటలకి మబ్బులు కాస్త విడివడ్డాయి. షటిల్లో నలుగురే. పైన ఏదైనా తేడా వస్తే తీసుకురావడానికి ఇంకో షటిల్ సిద్ధంగా లేదు కాబట్టి, అవసరమైతే రష్యావాళ్ళ సోయుజ్ నౌకలో ఒక్కొక్కరుగా దింపడానికి వీలుగా నలుగురినే పంపారు. కౌంట్‌డౌన్ 31 సెకన్ల దగ్గర ఆగిపోయింది. గట్టు మీద ఉన్న అంతమందీ ఒక్కసారిగా మాట్లాడ్డం మానేశారు. టవర్ నుంచి ట్యాంకు మీదకి చాచి ఉండే లోహపు చెయ్యి పూర్తిగా వెనక్కి వెళ్ళిందో లేదో కెమెరాలో చూసుకుంటున్నారని పక్కవాళ్ళ రేడియోలో వినిపించింది. రెండు నిమిషాల పైన ఆగి మళ్ళీ లెక్క మొదలైంది.

11:29. నీళ్ళ అవతల తెల్లటి పొగ పక్కలకి విరజిమ్మింది, దాని మధ్యలోంచి వెలుగు పైకి లేచింది. ఆ వెలుగు ఫొటోల్లో రాదు. ఫొటోలో పసుప్పచ్చగా ఉంటుంది, కంటికి మాత్రం వెల్డింగ్ మంటని చూసినట్టే ఉంటుంది, కళ్ళల్లో నీళ్ళొస్తాయి. చప్పుడు లేదు. 12 మైళ్ళ పైన దూరం కదా, చప్పుడు రావడానికి నిమిషం పడుతుంది. 40 సెకన్లు అయ్యాయో లేదో అది మబ్బులోకి వెళ్ళిపోయింది. ఆకాశంలో పొగ స్తంభం ఒక్కటే మిగిలింది. చుట్టూ అందరూ అరుస్తున్నారు, ఏడుస్తున్నారు. చూడాల్సింది అయిపోయిందనుకుంటుండగా వచ్చింది చప్పుడు. ముందు నేలలోంచి, తర్వాత నీళ్ళ మీంచి. డొక్కల్లో కొట్టింది. నా చేతిలో ఉన్న స్టీలు డబ్బా మూత గలగలలాడింది. ఒక మనిషి మన కంటికి కనిపించనంత దూరం వెళ్ళిపోయాక, ఆ మనిషి వెళ్తున్న చప్పుడు మన దగ్గరకొచ్చినట్టు.

మామయ్యగారు చేతులు కట్టుకుని మబ్బు వైపే చూస్తున్నారు. జనం కుర్చీలు మడుస్తున్నారు. రెండు నిమిషాలు దాటాక బూస్టర్లు విడిపోయాయని రేడియోలో చెప్పారు. అప్పుడు కొట్టారు చప్పట్లు, ఆ గట్టు మీద ఆయనొక్కరే. టైల్స్ ఆయన వెనక్కి తిరిగి చూసి, తనూ కలిపాడు. తర్వాత మామయ్యగారు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, రైలు టైము రాసుకున్నట్టు "11:29" అని రాసుకున్నారు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి ఏడెనిమిది గంటలు పట్టిందని తర్వాత విన్నాం. మేం మూడో రాత్రి కూడా గదిలోనే ఉన్నాం. ఆ 220 డాలర్లు దండగ కాలేదు.

15వ తేదీ పొద్దున, అట్లాంటిస్ ఇంకా పైన ఉండగానే, శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ17 లేచింది. అక్కడ సాయంత్రం 4:48. అత్తయ్యగారు మేడ ఎక్కి, ఫోను ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నారు. జాక్సన్‌విల్‌లో మా వంటింట్లో స్పీకర్ పెట్టుకుని ఆ గరగర విన్నాం. మామయ్యగారు అప్పుడూ అంతే, "అయిందా? రెండోది వెలిగిందా?" అని అడిగాకే నవ్వారు.

21న అట్లాంటిస్ దిగడం చూడ్డానికి మళ్ళీ వెళ్ళాం. అదే మోటెల్, ఈసారి 65 డాలర్లే. దిగే రన్‌వే ఊళ్ళోంచి కనిపించదు, పైగా చీకటి. అయినా వెళ్ళమనే చెప్తాను. తెల్లవారుజామున అదే పార్కులో యాభైమంది కూడా లేరు. ఆరు కావస్తుండగా నెత్తి మీద ధన్, ధన్ అని రెండు దెబ్బలు, ఒకదాని వెంట ఒకటి. ధ్వని కన్నా వేగంగా వచ్చే షటిల్ తన రాకని చెప్పే తీరు అది. చెట్ల మీది పక్షులన్నీ లేచాయి. కొద్ది నిమిషాలకి, 5:57కి, చక్రాలు నేలని తాకాయని రేడియోలో చెప్పారు. 135వ యాత్ర అయిపోయింది. మామయ్యగారు చప్పట్లు కొట్టి, టైము రాసుకుని, కింద గీత గీశారు. రైల్వేలో రిజిస్టరు ముగించినప్పుడు అలాగే గీసేవారట.

ఆ తర్వాత అమెరికా గడ్డ మీంచి మనుషులు కక్ష్యలోకి వెళ్ళడానికి 2020 మే 30 దాకా ఆగాల్సి వచ్చింది. అదే 39ఏ ప్యాడ్ నుంచి, అట్లాంటిస్ ఆఖరి యాత్రకి పైలట్‌గా ఉన్న డగ్ హర్లీయే వెళ్ళారు. ఇప్పుడు లాంచ్‌లకి వెళ్ళేవాళ్ళకి కూడా పైన చెప్పిన గట్టు, వంతెన అలాగే పనికొస్తాయి.

అట్లాంటిస్‌ని 2013 జూన్ చివర్లో విజిటర్ కాంప్లెక్స్‌లోనే ప్రదర్శనకి పెట్టారు. ఆ జులైలో వెళ్ళాం. ఇప్పుడు కూడా షటిల్ చూడాలంటే నా ఓటు దీనికే. వర్జీనియాలో డులెస్ విమానాశ్రయం దగ్గరి మ్యూజియంలో డిస్కవరీ ఉంది, ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కే డబ్బు. కానీ అది నేల మీద చక్రాలపై నిలబడి ఉంటుంది. అట్లాంటిస్‌ని 43.21 డిగ్రీలు వాల్చి, సామాను గది తలుపులు తెరిచి, ఇంకా ఎగురుతున్నట్టే వేలాడదీశారు. కడగలేదు, రంగు వెయ్యలేదు. కింద నిలబడి తలెత్తితే కాలిన చారలు, పలకల మీద చిన్న చిన్న నంబర్లు కనిపిస్తాయి.

అక్కడి నుంచే సూళ్ళూరుపేటకి ఫోను చేశాను. అక్కడ రాత్రి తొమ్మిది.

"నంబర్లు ఆనుతున్నాయా అమ్మాయ్?"

"ఆనుతున్నాయి మామయ్యగారూ."

"ఒకటి చదువు. ఉండు, ఉండు. నోట్‌బుక్ తెచ్చుకుంటాను."